గ్లో ఇంజిన్ తీసి పెట్రోలు ఇంజిన్ బిగించిన: నా అనుభవం

నా రేడియో కంట్రోల్ మోడల్ విమానానిది గ్లో ఇంజిన్, అంటే ప్లగ్‌లోని వేడి తీగతో ఇంధనం అంటుకునే చిన్న ఇంజిన్. నల్గొండకు ఆ గ్లో ఇంధనం తెప్పించుకోవడం ప్రతిసారీ తిప్పలే. మెథనాల్, ఆముదం, నైట్రోమీథేన్ కలిసిన డబ్బాను కొరియర్ వాళ్లు ముట్టరు. పెట్రోలైతే ఏ బంకులోనైనా దొరుకుతుంది. అందుకే పైరెక్క ట్రైనర్‌లోని (రెక్క పైన ఉండే, నేర్చుకునేవాళ్ల మోడల్) 10 సీసీ గ్లో తీసి 15 సీసీ పెట్రోలు ఇంజిన్ పెట్టిన.

పాతది విప్పకముందే ఫైర్‌వాల్ (ఇంజిన్ బిగించే ముక్కు ప్లైవుడ్ పలక) నుంచి ప్రొపెల్లర్ వాషర్ దాకా కొలిచిన: 11.5 సెం.మీ. కొత్తది 2.5 సెం.మీ. పొట్టి. లేత్ షాపులో నాలుగు అల్యూమినియం స్పేసర్లు కోయించిన. పాత బోల్టు రంధ్రాలు కొత్తవాటికి మరీ దగ్గర పడితే ప్లైవుడ్ చీలుతుంది. వాటిలో గట్టి కర్ర పుల్లలు ఎపాక్సీతో దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ డ్రిల్ చేసిన. ప్రొపెల్లర్ 12 అంగుళాల నుంచి 14×8 అయింది, అంటే కొస నేలకు ఒక అంగుళం దగ్గరైంది. ముందు చక్రం కాలు పొడుగు చేయక తప్పలేదు.

అసలు పని ట్యాంకుది. గ్లోకు వాడే సిలికాన్ గొట్టం పెట్రోలుకు ఆగదు. రాత్రంతా పెట్రోల్లో నానేసిన ముక్క పొద్దుటికి ఉబ్బి, వేలితో నెడితే ఇత్తడి గొట్టం మీంచి జారిపోయింది. ట్యాంకు లోపల ఇదే జరిగితే క్లంక్ (గొట్టం కొసన ఇంధనం పీల్చే బరువు) ఊడి ఇంజిన్ గాలిలో ఆగుతుంది. లోపలా బయటా పెట్రోలుకు తట్టుకునే టైగాన్ గొట్టం, అలాంటిదే బిరడా వేసిన. ఈ కార్బ్యురేటర్‌లోని డయాఫ్రమ్ పంపు క్రాంక్‌కేసు ఒత్తిడితో తనే ఇంధనం లాక్కుంటుంది. మఫ్లర్ నుంచి ట్యాంకుకు గొట్టం అక్కర్లేదు, వెంట్ (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) కిందికి వదిలితే చాలు.

ఇగ్నిషన్‌కు 6.6 వోల్టుల వేరే బ్యాటరీ, వేరే స్విచ్. స్పార్క్ రొద రేడియోకు తగలకుండా ఇగ్నిషన్ పెట్టెను రిసీవర్‌కు (రిమోట్ సంకేతం అందుకునే పెట్టె) 30 సెం.మీ. దూరంలో ఉంచిన, థ్రాటిల్ రాడ్డు నైలాన్‌ది. రేంజ్ టెస్ట్ (రిమోట్ సంకేతం ఎంత దూరం అందుతుందో చూడడం) ఇంజిన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చేయాలి. ఆపినప్పుడు బాగుండి, నడిపితే సర్వోలు (రెక్కల పలకలు కదిపే చిన్న మోటార్లు) వణికినయి. ప్లగ్ టోపీ పూర్తిగా దిగక, తీగ మీది అల్లిక ఇంజిన్‌కు తగలడం లేదు. గట్టిగా నొక్కితే ఆగింది.

ముక్కు వైపు 180 గ్రాములు పెరిగినయి. బ్యాలెన్స్ పాయింటుకు 25 సెం.మీ. ముందు కాబట్టి లెక్క (గ్రాములను సెం.మీ.తో గుణిస్తే) 4500. రిసీవర్ బ్యాటరీ 110 గ్రాములు, దాన్ని 32 సెం.మీ. వెనక్కి జరిపితే 3520 పోయింది. మిగిలిన 980కి, 65 సెం.మీ. వెనక తోక దగ్గర 15 గ్రాముల సీసం. రెక్క వెడల్పు 30 సెం.మీ., బ్యాలెన్స్ ముందంచు నుంచి 9 దగ్గర కూర్చుంది. ముక్కు బరువును సీసంతోనే సరిచేద్దామనుకోకండి, మోడల్ ఊరికే బరువెక్కుతుంది.

లీటరు పెట్రోలుకు 33 మి.లీ. టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్. కార్బ్యురేటర్‌లో ఇంధనం సర్దే రెండు నీడిళ్లూ (మరలు) ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టిన. మన ఎండలకు కౌలింగ్‌లో (ఇంజిన్ మీది తొడుగు) గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చేదానికి రెండింతలుండాలి, లేకుంటే పది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి నీరసిస్తుంది. బంకు పెట్రోల్లోని ఇథనాల్ తేమను పీల్చి డయాఫ్రమ్‌ను గట్టిపరుస్తుంది. ఎగరేసినాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టంలో మిగిలింది అయిపోయేదాకా ఇంజిన్ నడిపిస్త. మొదటి పది నిమిషాల తర్వాత నాలుగు బోల్టుల్లో రెండు పావు చుట్టు వదులైనయి. విప్పి, బోల్టులు వదులు కాకుండా పట్టే నీలం లాక్ మందు పూసి మళ్లీ బిగించిన.