ఎమ్మీలు చూడని నటులు, మన అవార్డులు వినని గొంతులు

అమెరికా టీవీ కార్యక్రమాలకు ఇచ్చే ఎమ్మీ పురస్కారాల ప్రదానం, సాధారణంగా సెప్టెంబరులో జరిగేది, ముగిసిన మర్నాడు నేను విజేతల పేర్లను పైపైన చూసి, చేతికందాల్సిన బహుమతి అందనివాళ్లెవరు, అసలు నామినేషన్ గడపే తొక్కనివాళ్లెవరు అని వెతుకుతాను. నల్లగొండలో, రామగిరిలో కూర్చొని ఫోనులో సబ్‌టైటిళ్లు చదువుకుంటూ అమెరికా సీరియళ్లు చూసే మనిషికి లాస్ ఏంజిలెస్‌లో ఎవరికి ఏ బొమ్మ దక్కితే ఏమిటని మా తమ్ముడు ఎగతాళి చేస్తుంటాడు. ఆ జాబితాలు చదివినకొద్దీ నాకు ఒక అనుమానం బలపడుతూ వచ్చింది. బహుమతులు ఇచ్చేవాళ్లకు మాట్లాడే నటుడు కనిపించినంతగా, ఆ మాటను విని దానికి బరువు తెచ్చే నటుడు కనిపించడు.

దీనికి కొంత కారణం ఎంపిక పద్ధతిలోనే ఉంది. 1949లో మొదలైన ఎమ్మీలలో ఇప్పుడు నటుల నామినేషన్లను, ఆ పురస్కారాలు ఇచ్చే టెలివిజన్ అకాడమీలోని నటుల విభాగమే ఓట్లు వేసి తేలుస్తుంది. నామినేషన్ దక్కిన నటుడు ఆ సీజన్ మొత్తంలో తాను బాగా చేశాననుకున్న ఒక ఎపిసోడ్‌ను ఎంచి పంపుకోవాలి. 2015కు ముందు చిన్న బృందాలు వాటిని చూసి తీర్పు చెప్పేవి. ఆ తరువాత విభాగం సభ్యులందరికీ ఓటు వచ్చింది. పైకి ఇది న్యాయంగానే ఉంది. అయితే ఒక్కటే ఎంచుకోమంటే ఏ నటుడైనా తాను గుండెలు పగిలేలా ఏడ్చినదో, ఎవరి మీదనో విరుచుకుపడినదో, ప్రాణం విడిచినదో ఎంచుకుంటాడు గాని, భోజనాల బల్ల దగ్గర కూర్చొని ఎదుటివాడి అబద్ధాన్ని మౌనంగా పసిగట్టిన ఎపిసోడ్‌ను ఎందుకు పంపుతాడు? పంపినా, దాని విలువ తెలియడానికి వెనకటి నలభై ఎపిసోడ్లు చూసి ఉండాలి.

వినేవాడు ఇలా మరుగున పడటం మన బుర్రకథలోనూ ఉన్నదే. అందులో తంబురా పట్టి కథ నడిపేవాడు ఒకడు, డక్కీలు పట్టుకొని ఇరుపక్కల నిలిచే వంతలు ఇద్దరు. సాయుధ పోరాట కాలం నుంచి మా జిల్లా పల్లెలకు బాగా దగ్గరైన కళ ఇది. పాతతరం పెద్దలు కథకుల గురించి గంటల తరబడి చెబుతారు గాని, వంతల పేర్లు అడిగితే తడుముకుంటారు. కథకుడు చెప్పినదానికి అబ్బురపడేది వంతలే, ఆ పైన ఏమైందని జనం తరఫున అడిగేది వంతలే, అతడు ఊపిరి తీసుకునేలోగా ఒక హాస్యపు మాటతో సభను జారిపోకుండా పట్టి ఉంచేది కూడా వాళ్లే. వాళ్లు సరిగా వినకపోతే కథకుడి గొంతు ఎంత గొప్పదైనా తేలిపోతుంది.

టీవీ నటనలో వంతకు జరిగిన అన్యాయానికి నాకు మొదట తోచే పేరు ఆండీ గ్రిఫిత్. 1960 నుంచి 1968 వరకు నడిచిన 'ది ఆండీ గ్రిఫిత్ షో'లో కంగారు మనిషి డిప్యూటీగా, అంటే ఊరి పోలీసు అధికారి షెరీఫ్‌కు సహాయకుడిగా, కడుపుబ్బ నవ్వించిన డాన్ నాట్స్‌కు ఐదు ఎమ్మీలు వచ్చాయి. ఎదురుగా షెరీఫ్‌గా నిలబడి, ఆ కంగారునంతా ఓపికగా వింటూ, తాను నవ్వకుండా నవ్వు పండించిన గ్రిఫిత్‌కు ఆ పాత్రకు నామినేషన్ సైతం రాలేదు. షో ఆయన పేరు మీదే ఉన్నది, చూడండి! నాట్స్ గొప్ప హాస్యనటుడు, ఆ ఐదింటిలో ఒక్కదాన్ని కూడా నేను తక్కువ చేయను. కాని ఆ డిప్యూటీ చేష్టలు మనకు వెర్రిగా కాక ముద్దుగా తోచడానికి కారణం వాటిని ప్రేమతో చూస్తున్న షెరీఫ్ ముఖమే.

ఈ విషయంలో నా మనసుకు అందరికంటే దగ్గరైన నటి రియా సీహార్న్. 2015లో మొదలై 2022లో ముగిసిన 'బెటర్ కాల్ సాల్' అనే సీరియల్‌కు ఆరు సీజన్లలో కలిపి 53 నామినేషన్లు వచ్చాయి, ఒక్క ఎమ్మీ కూడా రాలేదు. అందులో వకీలు జిమ్మీగా వేసిన బాబ్ ఓడెన్‌కిర్క్ ఉత్తమ నటుడి నామినేషన్ల దాకానైనా పలుమార్లు వెళ్లాడు. అతని సహచరి కిమ్ వెక్స్‌లర్‌గా వేసిన సీహార్న్‌కు తొలి ఐదు సీజన్ల పాటు అదీ లేదు. మొదటి ఎపిసోడ్‌లో ఒక పార్కింగ్ గోడకు ఆనుకొని ఉన్న ఆమె, పక్కనున్న జిమ్మీ నోట్లోంచి సిగరెట్ తీసుకొని, ఒక దమ్ము లాగి, తిరిగి అతని నోట్లోనే పెడుతుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. వీళ్లది ఎన్నేళ్ల పరిచయమో, ఇతని సంగతి ఆమెకు ఎంత బాగా తెలుసో, తెలిసి కూడా ఎంత ఇష్టమో ఆ ఒక్క చేతి కదలికలో చెప్పేసింది. అటుపైన ఐదు సీజన్లు అతడు అల్లే ప్రతి అబద్ధానికీ మనం ముందుగా చూసేది ఆమె కళ్లనే, ఎందుకంటే అది నిలబడుతుందో కూలిపోతుందో ఆమె రెప్పల కదలికను బట్టి తెలిసిపోతుంది.

2022లో ఎట్టకేలకు నామినేషన్ వచ్చింది, బహుమతి రాలేదు. తరువాతి విడతకు ఆమె దగ్గర బస్సు దృశ్యం ఉంది. సంవత్సరాల క్రితం చేసిన తప్పును కాగితం మీద ఒప్పుకొని, విమానాశ్రయానికి వెళ్లే బస్సులో కూర్చున్న కిమ్ మొదట నిబ్బరంగానే ఉంటుంది. ఆ తరువాత పెదవి అదుపు తప్పుతుంది, బిగబట్టిన ఊపిరి వెక్కిళ్లుగా బయటపడుతుంది. కెమెరా ఆమెను వదలదు. పక్క సీటులోని ఎవరో తెలియని స్త్రీ ఆమె చేతి మీద చెయ్యి వేస్తుంది, అంతే. ఏడ్చిన ఎపిసోడ్‌కే ఓట్లు పడతాయన్న నా సిద్ధాంతం ప్రకారం ఈసారైనా రావాలి. 2024 జనవరిలో జరిగిన ప్రదానంలో అదీ రాలేదు. ఆ ఏడుపు వెనుక అన్ని సీజన్ల మౌనం ఉందని తెలియనివాళ్లకు అది మరొక ఏడుపుగానే కనిపించి ఉంటుందని నేను సరిపెట్టుకున్నాను.

నామినేషన్ల దాకా వచ్చి ఆగిపోయినవాళ్ల సంగతి వేరు. 'మర్డర్, షి రోట్'లో ఏంజెలా లాన్స్‌బరీ 1984 నుంచి 1996 వరకు పన్నెండు సీజన్లు చేసి, పన్నెండు సార్లు నామినేషన్ పొంది, పన్నెండు సార్లూ ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది. 'హౌస్'కు హ్యూ లారీ ఆరుసార్లు, 'ది ఆఫీస్'కు స్టీవ్ కారెల్ ఆరుసార్లు ఇలాగే ఓడిపోయారు. 'ది వైర్' నటులలో ఒక్కరికి కూడా ఐదు సీజన్లలో నటనకు నామినేషన్ రాలేదన్నది నేను ఎన్నిసార్లు చదివినా మింగుడు పడని విషయం.

మన సీరియళ్లకు దగ్గరి చుట్టం అనదగినది సూసన్ లూచీ ఉదంతం. అమెరికాలో పగటిపూట, వారానికి ఐదు రోజులు వచ్చే 'ఆల్ మై చిల్డ్రన్' అనే డైలీ సీరియల్‌లో ఆమె 1970 నుంచి ఎరికా కేన్ పాత్ర వేసింది. ఆ సీరియళ్లకు డేటైమ్ ఎమ్మీలని వేరే ఉన్నాయి. 1978లో తొలి నామినేషన్ అందుకొని, వరుస ఓటములతో నవ్వులపాలై, పందొమ్మిదో నామినేషన్‌కు, 1999లో గెలిచింది. పేరు పిలవగానే సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు. ఇంట్లో రోజూ కనిపించే మనిషి నటన మనకు నటనగా తోచదు. వాకిట్లోంచి పలకరించే పొరుగామెలా తోస్తుంది. రోజూ చేసేవాళ్ల గొప్పతనమూ అదే, దురదృష్టమూ అదే.

తెలుగులో ఈ దురదృష్టానికి మరో పొర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వం తరఫున టీవీకి కూడా నంది పురస్కారాలు ఉండేవి, అన్ని ఛానళ్ల వాళ్లూ ఒకే వరుసలో నిలిచేవారు. 2025 జూన్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం గద్దర్ పేరిట తొలిసారి ఇచ్చినవి సినిమా పురస్కారాలు. ఇక మనకు ఏటా ఘనంగా కనిపించేవి జీ తెలుగు కుటుంబం అవార్డులు, స్టార్ మా పరివార్ అవార్డుల వంటి ఛానళ్ల సొంత వేడుకలే. ఎవరి పెళ్లిలో వాళ్లే పెళ్లికొడుకులు. అక్కడి విభాగాలు కూడా ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ జంట అన్న తీరున ఉంటాయి. అంటే బహుమతి పాత్ర మంచితనానికా, నటికా అన్నది తేలదు. మంచి కోడలి పాత్రను పేలవంగా చేసినామెకు, గయ్యాళి ఆడపడుచు పాత్రను అద్భుతంగా చేసినామెకు మధ్య ఆ తక్కెడ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడిచిన 'కార్తీక దీపం' మా ఇంట్లో సాయంత్రం వంట వేళను నిర్ణయించేది. వంటలక్కగా ప్రేమీ విశ్వనాథ్‌కు దక్కిన ఆదరణ అందరికీ తెలిసిందే, అది అర్హమైనదే. మా అమ్మ చూపు మాత్రం అత్తగారు సౌందర్యగా వేసిన అర్చనా అనంత్ మీద ఉండేది. "గామె ఏడుస్తది, సరే. గీమెను చూడు బిడ్డా, మాట్లాడకుంటనే ఎట్ల చూస్తున్నదో" అనేది. ఏ సిద్ధాంతమూ చదవకుండానే మా అమ్మ వంతను గుర్తుపట్టింది. అంతకు ముందు జెమినీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన 'అమృతం' చూసినప్పుడూ అంతే. అమృతం పాత్రలో నటులు మారారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు కడదాకా నిలిచి, ఎవరు ఎదురున్నా వాళ్ల తాళానికి తన తాళం కలిపాడు. సర్వంగా వాసు ఇంటూరి చెప్పిన పనిని తలకిందులుగా అర్థం చేసుకొని నిలబడి చూసే ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ మా తమ్ముడు అన్నం తినడం ఆపి నవ్వుతాడు.

ఇంతకంటే పెద్ద లోటు గొంతుల విషయంలో ఉంది. మన సీరియళ్ల కథానాయికలలో చాలామంది కర్ణాటక నుంచో కేరళ నుంచో వచ్చినవారే. అది తప్పు కాదు, కష్టపడి పనిచేస్తున్నారు. అయితే వారిలో అనేకులకు తెలుగు మాట హైదరాబాద్ స్టూడియోలో మరొకరు ఇచ్చినదే. ఏడుపు పొంగే ముందు గొంతులో పడే జీర, అత్త ముందు సగంలో మింగేసిన మాట, ఫోనులో తల్లితో 'బాగానే ఉన్నానమ్మా' అన్నప్పటి అబద్ధపు హుషారు, ఇవన్నీ ఆ కనిపించని మనిషివి. సినిమాల నంది పురస్కారాలలో డబ్బింగ్ కళాకారులకు వేరే విభాగం ఉండేది, గాయని సునీత గొంతుకు అలా గుర్తింపు వచ్చింది. రోజూ అరగంట మన ఇళ్లలో వినిపించే సీరియల్ గొంతుకు అంతకంటే ఎక్కువే రావాలి.

గొంతు గురించి నల్లగొండ మనిషిగా నాకు మరో ఫిర్యాదు ఉంది. సీరియల్‌లో మా యాస వినిపించిందంటే, ఎక్కువగా ఆ పాత్ర పనిమనిషో, రౌడీయో, నవ్వించడానికి పెట్టిన బాబాయో అయి ఉంటుంది. ఆస్తిపాస్తులున్న ఇంటి పెద్దకోడలు 'ఏమైంది బావా, ఇంకా తినలె?' అనదు. ఆ చిన్న పాత్రలలో యాసను వెక్కిరింతగా కాక నిజంగా పలికే నటులు ఉన్నారు. రెండు నిమిషాల దృశ్యంలో మిర్యాలగూడ బస్టాండును కళ్ల ముందు నిలబెడతారు. వాళ్లకు ఉత్తమ అత్త విభాగంలోనూ చోటు లేదు, ఉత్తమ కోడలు విభాగంలోనూ చోటు లేదు.

ఛానళ్ల వేడుకలలో విభాగాలకు కొదవ లేదు కాబట్టి మరొకటి చేర్చడం కష్టం కాదు. అదీ కుదరదంటే ఉన్నవాటిలోనే సర్దవచ్చు. ఉత్తమ జంట అని హీరోనూ హీరోయిన్‌నూ పిలిచి పూలు చల్లే బదులు, ఒక్క ఏడాది ముఖం ఇచ్చినామెనూ గొంతు ఇచ్చినామెనూ కలిపి వేదిక మీదికి పిలవండి. ఆ ఒక్క ఎపిసోడ్‌ను నేను మా అమ్మ పక్కన కూర్చొని ప్రకటనలతో సహా చూస్తాను.