నాలుగోసారికి పడిన సంతకం

పెన్ను మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి భార్య ఆయన వేళ్ల మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంటే, ఫారం మీద వంకరగా సంతకం పడింది.

మా పక్కింటి పెద్దాయన గల్ఫ్ యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషి, ఇప్పుడు ఏఎల్ఎస్, అంటే కండరాల్ని కదిలించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు. "ముప్పై ఏళ్ల కిందటి సర్వీసుకీ దీనికీ సంబంధం ఉందని ఎలా నిరూపిస్తాను" అని, మాజీ సైనికులకిచ్చే వైకల్య పరిహారానికి ఇన్నాళ్లూ అప్లై చేయలేదట. అసలు నిరూపించక్కర్లేదు! అమెరికాలో 2008 నుంచి, వరుసగా కనీసం 90 రోజులు సైన్యంలో పనిచేసినవాళ్లకి ఈ జబ్బొస్తే సర్వీసు వల్లే వచ్చినట్టు లెక్క, 2012 నుంచి వైకల్యం రేటింగు (పరిహారం ఎంతో తేల్చే శాతం) కూడా నేరుగా నూటికి నూరు శాతం. ఈ ముక్క ఆయనకి ముందే ఎవరైనా చెప్పుండాల్సింది.

ఉగాది పచ్చడి తిని మొహం చిట్లించి, ఇంకో చెంచా అడిగిన మనిషి. ఇవాళ మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతున్నారు.

కవరు నేనే పోస్టు చేసొచ్చాను. ట్రాకింగ్ నంబరు ఆవిడ ఫ్రిజ్ తలుపు మీద అంటించుకున్నారు.