ఎముకల్లోని పాత సీసం: గర్భానికి ముందు నేను అడిగి చేయించుకున్న పరీక్ష

పిల్లల కోసం ప్రయత్నిద్దాం అనుకున్నాక అందరూ చేయించుకునే పరీక్షలన్నీ నేనూ చేయించుకున్నాను. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, రుబెల్లా. ఆ లిస్టులో లేని పరీక్ష ఒకటి మాత్రం నేనే అడిగి రాయించుకున్నాను, రక్తంలో సీసం ఎంత ఉందో చూసే పరీక్ష. నా చిన్నతనమంతా పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగించే షెడ్డు పక్కన గడిచింది. గోడకు అవతల పొయ్యి, ఇవతల మేం ఆడుకునే చోటు. ఆ ఇల్లు వదిలేసి ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఒంట్లో ఏముంటుంది అన్నాడు మా ఆయన. చాలామంది డాక్టర్లు కూడా అదే అంటారు.

రక్తంలోకి చేరిన సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, అది నిజమే. కానీ తగ్గినదంతా బయటికి పోదు. సీసం కాల్షియంలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి ఎముక దాన్ని లోపలికి తీసేసుకుంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఉండే సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది, దశాబ్దాల తరబడి ఉంటుంది. కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకోవడానికి తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగినప్పుడు దాంతోపాటు ఇదీ మళ్ళీ రక్తంలోకి వస్తుంది, అక్కడి నుంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. 1990ల్లో ఆస్ట్రేలియాలో బ్రయన్ గల్సన్ అనే శాస్త్రవేత్త బృందం దీన్ని చూపించిన తీరు నన్ను కదిలించింది. ఒక్కో గని నుంచి వచ్చిన సీసానికి ఐసోటోపుల, అంటే బరువులో కాస్త తేడా ఉన్న సీసం పరమాణువుల, నిష్పత్తి ఒక్కోలా ఉంటుంది. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన ఆడవాళ్ళ రక్తాన్ని గర్భం సమయంలోనూ ప్రసవం తర్వాతా పరీక్షిస్తూ వెళితే, వాళ్ళు ఎప్పుడో వదిలేసి వచ్చిన దేశపు సీసం రక్తంలో పెరుగుతూ కనిపించింది. అది చదివిన రోజు నుంచే నాకు టెన్షన్.

మొదట కలిసిన డాక్టరు "అవన్నీ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకమ్మా, నీకెందుకు" అని కొట్టిపారేశారు. నేను ఇంకొకరి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరీక్ష రాసేముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. ఎక్కడ పెరిగావు, ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారు, పని బట్టలు ఇంటికి తెచ్చి ఉతుకుతారా, ఇంటికి వేసిన రంగు ఎంత పాతది, మెరుగు పూత వేసిన మట్టి పాత్రలు వాడతావా, లోహ భస్మాలు కలిసిన మందులు ఏమైనా తింటున్నావా, ముఖానికీ కళ్ళకూ ఏం వాడతావు. ఏ పరీక్ష అవసరమో చెప్పేవి ఈ ప్రశ్నలే. ఇవి అడగని చోట పెద్ద పెద్ద ప్యాకేజీలు చేయించుకుని లాభం లేదు.

ల్యాబ్ విషయం కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే తేడా వస్తుంది. మొదట ఒకచోట వేలి చివర గుచ్చి రక్తం తీశారు, అంకె చాలా ఎక్కువ వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. వేలి చర్మానికి అంటుకున్న రవ్వంత దుమ్ము చాలు ఆ అంకె పెరగడానికి, కాబట్టి వేలి రక్తంలో ఎక్కువ కనిపిస్తే నరం నుంచి తీసి మళ్ళీ చూడాల్సిందేనని డాక్టరు చెప్పారు. రెండోసారి వెళ్ళిన ల్యాబ్‌లో ఒక పెద్దాయన ముందు నా చెయ్యి సబ్బుతో కడిగించి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, ముదురు నీలం మూత ఉన్న గొట్టంలోకి రక్తం తీశారు. మామూలు గొట్టాల్లో లోహాల జాడ కొద్దిగా ఉండొచ్చట, ఈ నీలం మూతది లోహాల పరీక్షల కోసమే తయారుచేస్తారట. మీరూ ఈ పరీక్షకి వెళితే ఆ గొట్టం ఉందా అని ముందే అడగండి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

డెసిలీటరుకు 8 మైక్రోగ్రాములు వచ్చింది. ఇంత వరకు పరవాలేదు అనే మోతాదు సీసానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం 5 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. గర్భిణుల్లో సీసాన్ని లాగేసే మందులు వాడే ఆలోచన 45 దగ్గర మొదలవుతుంది. నా అంకెకు మందు లేదు, వెతకడమే పని. గర్భంలో సీసం ఎక్కువైతే బీపీ పెరగడం, గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ బరువు తగ్గడం, తర్వాత చదువు మీద ప్రభావం, ఇవన్నీ డాక్టరు దాచకుండా చెప్పారు. అలా చెప్పడమే నాకు నచ్చింది.

వెతికితే మేముంటున్న ఇంటి కిటికీలే దొరికాయి. పాత రంగు పొరలు పొరలుగా లేచిపోయి, తలుపు తీసి వేసినప్పుడల్లా రాపిడికి సన్నటి పొడి కిటికీ గట్టు మీద రాలుతోంది. రోజూ చీపురుతో ఊడ్చేది దాన్నే. రంగు పెచ్చు పరీక్షకు పంపితే సీసం ఉందని తేలింది. ఇలాంటి రంగును పొడిగా గీకకూడదు, గీకితే ఇల్లంతా దుమ్మవుతుంది, తడిపి తీయించాలి, గర్భిణులూ గర్భం కోసం చూస్తున్నవాళ్ళూ ఆ పని జరిగేచోట ఉండకూడదు. మేం అలాగే చేయించాం, నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక ఊడ్చడం మానేసి తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాం.

ఇంకొక పని కాల్షియం, ఐరన్. ఐరన్ తక్కువున్న ఒళ్ళు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, నాకు హిమోగ్లోబిన్ ఎలాగూ తక్కువే. కాల్షియం చాలినంత అందితే ఎముక తక్కువగా కరుగుతుంది. మెక్సికో సిటీలో గర్భిణులకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున 11 శాతం తగ్గిందని 2009లో ప్రచురించారు. పెద్ద మాయేం కాదు, కానీ అది బిడ్డకు చేరే సీసం, కాబట్టి నాకు ఆ కాస్త కూడా కావాలి. ఆ రెండు మాత్రలూ ఒకే పూట వేసుకోకూడదు, కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

మరి మిగతా రసాయనాల సంగతేంటని నేనూ అడిగాను. అమెరికాలో 268 మంది గర్భిణుల మీద జరిగి 2011లో వచ్చిన పరిశీలన చదివి ఉన్నాను, పాత కరెంటు పరికరాల నూనెల్లో వాడిన పీసీబీలు, పురుగుమందుల అవశేషాలు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, నాన్‌స్టిక్ పూతల్లో వాడే పీఫాస్, వీటిలో కొన్ని దాదాపు ప్రతి ఒక్కరిలోనూ కనిపించాయి. డాక్టరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఏమిటంటే ఒక్కోదానికి ఒక్కో గడువు. ప్లాస్టిక్‌లోని బీపీఏ, థాలేట్లు ఒకట్రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి, మళ్ళీ రోజూ వస్తాయి, కాబట్టి వేడి తిండి ప్లాస్టిక్‌లో పెట్టడం ఏ రోజు మానేస్తే ఆ రోజు నుంచే లాభం. పెద్ద చేపల్లోని మిథైల్ పాదరసం సగానికి తగ్గడానికి రెండు నెలలకు కాస్త అటూ ఇటూ పడుతుంది, అది తల్లి రక్తంలో కంటే బొడ్డుతాడు రక్తంలోనే ఎక్కువ ఉంటుంది, కాబట్టి చేపలు మానకుండా చిన్న రకాలకు మారడం గర్భానికి కొన్ని నెలల ముందే జరగాలి. పీఫాస్‌కి ఏళ్ళు పడుతుంది. డీటాక్స్ పేరుతో అమ్మే పొడులూ కషాయాలూ వీటిలో దేన్నీ బయటికి లాగవు, పైగా వాటిలోనే సీసం ఉన్న సందర్భాలున్నాయి. పిల్లలు కావాలన్న ఆత్రుతలో ఉన్నవాళ్ళకు అలాంటివి అమ్మడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

కొన్ని నెలలు ఆగి మళ్ళీ చూస్తే 5 లోపుకొచ్చింది, అప్పుడు ముందుకెళ్ళాం. గర్భం వచ్చాక కూడా మధ్యమధ్యలో చూశారు. నడిమి నెలల్లో అంకె ఇంకా దిగింది, సంబరపడ్డాను, అయితే ఆ నెలల్లో రక్తం పలచబడటం వల్ల అందరికీ దిగుతుందనీ చివరి నెలల్లో పెరుగుతుందనీ డాక్టరు ముందే హెచ్చరించారు. అలాగే కొంచెం పెరిగింది, కానీ 5 దాటలేదు. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం కూడా పరీక్షకు పంపారు, అందులోనూ తక్కువే. పాలివ్వొచ్చా అన్న భయం మాత్రం చివరిదాకా ఉంది. తల్లి రక్తంలో 40 లోపు ఉంటే పాలివ్వమనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా, నాది దాని దరిదాపుల్లో కూడా లేదు కాబట్టి హాయిగా ఇస్తున్నాను. పాలిచ్చే నెలల్లో కూడా ఎముక కరుగుతుంది, అందుకని కాల్షియం ఆపొద్దన్నారు. పాపకు కూడా కొన్నాళ్ళకు పరీక్ష చేస్తారు.

మా చెల్లి కూడా ఆ గోడ పక్కనే పెరిగింది, దానికి ఈ మధ్యే పెళ్ళయింది. నీలం మూత గొట్టం సంగతి చెప్పి పంపించాను, రిపోర్టు రావాలి.