అడవిని మోసే ప్లాస్టిక్ పలక: నా అనుభవం

వామన వృక్షాల్లో (బోన్సాయ్) నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అడవి కూర్పు. ఒకే జాతి మొక్కలు ఏడో, తొమ్మిదో, పదకొండో తీసుకుని చిన్న తోపులా అమర్చడం. జపాన్‌లో దీన్ని యోసె-ఉయె అంటారు. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో ఉన్న 'గోషిన్' ఫొటో ఒక్కసారి చూడండి. జాన్ నాకా పదకొండు జూనిపర్ చెట్లతో కూర్చిన అడవి అది. అలాంటిది చూశాక ఒంటి చెట్టుతో తృప్తిపడటం నా వల్ల కాలేదు.

ఇలాంటి కూర్పుకు గట్టు ఉన్న కుండీ కన్నా పలుచటి పలకే అందం. అంచు కనబడకుండా ఉంటే నేల ఇంకా అటువైపు సాగుతోందేమో అనిపిస్తుంది. మనవైపు తాండూరు బండకీ కడప రాయికీ కొదవ లేదు. నేనూ ముందు రాయే తెచ్చుకోవాలనుకున్నాను. కానీ 70 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, రెండున్నర మందం ఉన్న రాయి దాదాపు 20 కిలోలు తూగుతుంది. దాని మీద తడి మట్టి, చెట్లు. హైదరాబాద్‌లో మాది మూడో అంతస్తు. ఎండాకాలం కూర్పును నీడకు జరపాలి, గాలివాన వస్తే గోడ పక్కకు తేవాలి. ఒక్కదాన్నే మోయలేను. పైగా మిషన్ మీద కోసిన అంచు వంటింటి గట్టుకు బాగుంటుంది గానీ అడవి కింద నప్పదు.

అందుకే ఫైబర్‌గ్లాస్ పలక వైపు వెళ్లాను. పేరులో గాజు ఉన్నా ఇది ప్లాస్టిక్ వస్తువే. గాజు పోగుల మ్యాట్‌ను రెజిన్ అనే చిక్కటి ద్రవ ప్లాస్టిక్‌తో తడిపి గట్టిపరుస్తారు. పెళ్లి మండపాల బొమ్మలు చేసే వర్క్‌షాపుల వాళ్లు సరుకు కొనే దుకాణానికే నేనూ వెళ్లాను.

"అన్నా, మొక్కలు పెట్టుకునే పలక చేయాలి. ఏ రెజిన్ వాడితే మంచిది?" అని అడిగాను.

"రోజూ నీళ్లు తగులుతాయి కదమ్మా, జీపీ వద్దు, ఐసో తీసుకో. కాస్త రేటెక్కువ, కానీ నీళ్లకు ఆగుతుంది" అన్నాడాయన. జీపీ అంటే మామూలు రకం రెజిన్, ఐసో అంటే నీళ్లను ఎక్కువ తట్టుకునే రకం. తర్వాత రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ సీసా, ఆ పనిని వేగం చేసే కోబాల్ట్ సీసా వేరువేరు సంచుల్లో పెట్టిచ్చి, "ఈ రెండూ ఒకదాంట్లో ఒకటి అసలు పోయకు. మంట లేస్తది" అని గట్టిగా చెప్పాడు.

ఆ మాట ఎవరూ మరచిపోకూడదు. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిసిపోయేలా కలపాలి. హార్డెనర్ ఆ తర్వాతే. రెండూ నేరుగా కలిస్తే నిప్పు అంటుకోవచ్చు, పేలొచ్చు కూడా. కొన్ని రెజిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది కాబట్టి కొనేటప్పుడే అడగండి. ఇక రెజిన్ వాసన అందులోని స్టైరీన్ అనే రసాయనానిది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ పని గదిలో చేయొద్దు. నేను డాబా మీద, పిల్లల్ని పైకి రానివ్వకుండా చేశాను.

అచ్చు కోసం ప్లైవుడ్ మీద తడి ఇసుక పోసి చేత్తోనే ఆకారం తెచ్చాను. నడుమ కొద్దిగా ఎత్తు, చుట్టూ వాలు, అక్కడక్కడ అంచు పైకి లేచేలా. నీరు నడుమ నిలవకూడదు, నిలిస్తే వేరు కుళ్లుతుంది. చుట్టుకొలతను ముందే కాగితం మీద గీసుకుని, మొక్కల కుండీలను దాని మీద అటూ ఇటూ జరిపి చూసుకున్నాను. పొడవాటి చెట్టు సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు, ముందుకు రావాలి. ఏ మూడు చెట్లూ ఒకే వరసలో పడకూడదు. పలక ఆకారం ఈ అమరికను బట్టే వచ్చింది. ఇసుక మీద పాలిథీన్ షీట్ పరిచాను, రెజిన్ దానికి అంటుకోదు. ఇసుకకు బదులు థర్మాకోల్ వాడదామనుకునేవాళ్లకు ఒక మాట: స్టైరీన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు వేస్తే సుమారు మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది. నా పలక సైజుకు మ్యాట్ నాలుగు వందల గ్రాములు దాటింది, రెజిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే కిలోకు పైనే పట్టింది. హార్డెనర్ ఒక శాతం నుంచి రెండు శాతం లోపు. ఎండ ముదిరేకొద్దీ తక్కువ చాలు. అందుకే చలికాలం ఉదయం పూట పెట్టుకున్నాను. అప్పుడైతే రెజిన్ తొందరపెట్టదు. ఒక్కసారి పావుకిలోకు మించి కలపలేదు. ఎక్కువ కలిపి డబ్బాలోనే ఉంచితే అది లోపలే వేడెక్కి పొగలు కక్కుతుంది. బ్రష్‌తో రుద్దకూడదు, పొడుస్తున్నట్టు అద్దాలి. అప్పుడే గాలి బుడగలు బయటకు వస్తాయి.

గట్టిపడ్డాక తిరగేసి, రెజిన్‌లో తడిపిన జనుప తాళ్లను అడుగున అడ్డంగా, నిలువుగా వేసి వాటి మీద మ్యాట్ ముక్కలు కప్పాను. ఇంట్లో పలక చేసుకునే ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా చెప్పేది ఈ పని గురించే. మూడు మిల్లీమీటర్ల పలక చేతికి దృఢంగానే అనిపిస్తుంది, కానీ మట్టి బరువు మీద పడి రెండు చివర్లూ పట్టి ఎత్తితే వంగుతుంది. వంగిన ప్రతిసారీ సన్నని వేళ్లు తెగుతాయి. చెట్టు ఎందుకు వాడిపోతోందో పైనుంచి చూస్తే తెలియదు. కింద ఈ ఎముకలుంటే పలక వంగదు. గాలి ఆడటానికి చిన్న కాళ్లు కూడా అప్పుడే అతికించాను.

ఎక్కువ సమయం తిన్నది అంచు. గ్రైండర్‌తో కోస్తే అంచు నున్నగా వస్తుంది, అది చూడగానే ప్లాస్టిక్ అని చెప్పేస్తుంది. ఆకురాయి తీసుకుని ఒకచోట లోపలికి, ఒకచోట పలుచగా, ఒకచోట విరిగినట్టు అరగదీశాను. రాతి గుట్టల దగ్గర పొరలు లేచిన బండలను ఫొటోలు తీసి పక్కన పెట్టుకుని చేశాను. గాజు పొడి చర్మానికి దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, తర్వాత చల్లటి నీళ్లతో కడుక్కోండి.

పైపూతకు రెజిన్‌లో టాల్కం పొడి, జల్లించిన ఇసుక, నల్ల ఆక్సైడ్, చిటికెడు ఎర్ర ఆక్సైడ్ కలిపి దోశపిండి చిక్కదనానికి తెచ్చాను. నలిపిన కవర్‌తో అద్దుతూ పోతే రాతి గరుకు వచ్చింది. రంగు పైన పూయకుండా లోపలే కలపడం నాకు నచ్చింది, గీత పడినా తెల్లగా బయటపడదు. ఎండకు ఈ ప్లాస్టిక్ మెల్లగా పాడవుతుంది, గరుకు పూత దాన్ని కొంత కాపాడుతుంది. పూత ఆరకముందే కొద్దిగా రాతి పొడి చల్లాను. అంతా కలిపి మూడు కిలోల లోపే తూగింది. 20 కిలోల రాయి ఎక్కడ, ఇదెక్కడ!

వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచి, సబ్బునీళ్లతో కడిగి, నానబెట్టి పక్కన పెట్టాను. నాటింది తొలకరి తర్వాతే, నా మొక్కలు మర్రి జాతి ఫైకస్‌లు, వాటికి అదే మంచి అదను. నీరు పోవడానికి వాలు దిగువన, తీగల కోసం చెట్లు నిలిచేచోట రంధ్రాలు చేశాను. రాయికైతే ఇక్కడే పెచ్చులు ఊడేవి, ప్లాస్టిక్‌కు మామూలు డ్రిల్ చాలు. అల్యూమినియం తీగలతో వేళ్లను కిందికి బిగించి కట్టకపోతే ఇంత పలుచటి మట్టిలో చెట్లు గాలికి కదులుతాయి, కొత్త వేరు పట్టదు. అంచు చుట్టూ చెరువు మట్టి, చివికిన పేడ, కోకోపీట్ కలిపి ముద్దచేసి సన్నటి కట్టలా పెట్టాను. లోపల ఇటుక ముక్కలు, ముతక ఇసుక, ఆకు ఎరువు. మీద మా ప్రహరీ గోడ నాచు.

మండు వేసవిలో రెండుపూటలా నీళ్లు తప్పవు. మట్టి తక్కువ కాబట్టి పలక రాయిదైనా ప్లాస్టిక్‌దైనా ఇది మారదు. మధ్యాహ్నం ఎండ ముదిరితే మాత్రం రెండు చేతులతో ఎత్తి నీడకు తెచ్చేస్తున్నాను, ఎవర్నీ పిలవక్కర్లేదు. ఈసారి చింత మొక్కలకు ఇంతకన్నా పొడుగ్గా, సన్నగా ఇంకో పలక చేస్తున్నాను. కాగితం గీత అయిపోయింది, చలికాలం కోసం చూస్తున్నాను.