నా క్లాస్ ఎ యాంప్లిఫైయర్: సర్క్యూట్‌కు రెండు రోజులు, సప్లైకీ వేడికీ ఏడు నెలలు

బోర్డుల మీద టంకం వేయడం రెండు రోజుల్లో అయిపోయింది. నేను ఎంచుకున్నది జాన్ లిన్స్‌లీ హుడ్ 1969లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించిన పది వాట్ల క్లాస్ ఎ డిజైన్. ఒక్కో చానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు. కొత్తవాళ్లు కూడా ధైర్యంగా చేపట్టగలిగినంత చిన్న సర్క్యూట్. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న రెగ్యులేటెడ్ సప్లైకి ఒక చానెల్ కలిపి విన్నాను. గాయని చరణం ఎత్తుకునే ముందు తీసుకున్న ఊపిరి కూడా వినిపించింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. వారంలో రెండో చానెల్ కూడా కలిపి పెట్టెలో బిగించేస్తాననుకున్నాను. ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో సర్క్యూట్ బోర్డును ముట్టుకున్నది బహుశా రెండు సార్లే. మిగతా కాలమంతా కరెంటు ఎలా తేవాలి, వేడి ఎలా పంపాలి అన్నదానికే సరిపోయింది.

క్లాస్ ఎ అంటే పాట ఉన్నా లేకపోయినా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండాలి. నా దానిలో ఒక్కో చానెల్‌కు 27 వోల్టులు, 1.25 యాంపియర్లు. అంటే దాదాపు 34 వాట్లు, రెండు చానెళ్లకు కలిపి 68. పాట నడుస్తున్నప్పుడు అందులో కొంత స్పీకర్‌కు వెళుతుంది. పాట ఆగితే మొత్తం 68 వాట్లూ వేడిగానే మారుతాయి. కాబట్టి యాంప్లిఫైయర్ అత్యంత వేడిగా ఉండేది నిశ్శబ్దంలోనే. ఈ మాట చాలాసార్లు చదివాను, కానీ అది ఒంటపట్టింది వేలు కాలినప్పుడే.

మొదటి పొరపాటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే జరిగింది. 68 వాట్లు కావాలి కదా, 80 వీఏ (వోల్ట్-యాంపియర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల బరువు) ట్రాన్స్‌ఫార్మర్ చాలుతుందని లెక్క వేసుకున్నాను. 22 వోల్టుల సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వోల్టేజీ బయటికి వచ్చే చుట్ట), ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫైయర్, ఆ తర్వాత దాన్ని నిలకడగా ఉంచే 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. అరగంట గడిచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీద చేయి ఆనించలేకపోయాను. వార్నిష్ వాసన మొదలైంది. స్విచ్ ఆపేసి కాగితం, పెన్ను తీసుకున్నాను.

కెపాసిటర్ రోజంతా కరెంటు తాగదు. మెయిన్స్ తరంగం శిఖరానికి చేరినప్పుడు మాత్రమే, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లలో ఓ రెండు మిల్లీసెకన్లు, ఒక్క గుక్కలో తాగేస్తుంది. బయటికి వచ్చేది నిలకడగా 2.5 యాంపియర్లే అయినా, ట్రాన్స్‌ఫార్మర్ తీగలో ఆ గుక్కలు పది యాంపియర్లు దాటుతాయి. తీగను నిజంగా వేడెక్కించే కరెంటు, దాన్నే ఆర్ఎంఎస్ అంటారు, డీసీ కరెంటుకు దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. అంటే 4.5 యాంపియర్లు. 22 వోల్టులతో గుణిస్తే 99 వీఏ. నా 80 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ తన శక్తికి మించిన బరువు మోస్తోందన్నమాట. అప్పటి నుంచి క్లాస్ ఎ కోసం ఎవరు అడిగినా ఒకే మాట చెబుతున్నాను: డీసీ వాట్లకు కనీసం రెండింతలు, వీలైతే మూడింతల వీఏ తీసుకోండి. మామూలు యాంప్లిఫైయర్‌లో పాట శిఖరాలు అప్పుడప్పుడే వస్తాయి కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో నెట్టుకురావచ్చు. ఇక్కడ ప్రతి నిమిషమూ పూర్తి బరువే. నేను 24 వోల్టుల 200 వీఏ టొరాయిడల్‌కు (గారె ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్‌కు) మారాను. ఇప్పుడు గంటల తరబడి నడిచినా అది గోరువెచ్చగానే ఉంటుంది.

వేడి తగ్గింది కానీ మోత తగ్గలేదు. స్పీకర్ దగ్గర చెవి పెడితే గుయ్‌మని నిలకడగా ఒకే స్వరం. 50 హెర్ట్జ్ మెయిన్స్‌ను బ్రిడ్జి సరిచేస్తే మిగిలే అల, అంటే రిపుల్, 100 హెర్ట్జ్. ఆసిలోస్కోప్ పెడితే అలాగే కనిపించింది, రంపపు పళ్లలాంటి గీత, కింది నుంచి పైకి దాదాపు రెండు వోల్టులు. లెక్క కూడా అదే చెబుతుంది: 2.5 యాంపియర్లను ఎనిమిది మిల్లీసెకన్లతో గుణించి 10,000 మైక్రోఫారడ్లతో భాగిస్తే సరిగ్గా రెండు వోల్టులు. కెపాసిటర్‌ను 22,000కు పెంచితే 0.9 వోల్టుకు దిగింది. ఇంకా పెంచుకుంటూ పోవచ్చు గానీ, పెంచేకొద్దీ ఆ గుక్కలు మరింత చిన్నవై, మరింత పదునెక్కుతాయి. ఒకే పెద్ద కెపాసిటర్ మీద భారం వేయడం నాకు నచ్చలేదు.

రెండు కెపాసిటర్ల మధ్య 0.22 ఓమ్ రెసిస్టర్ పెట్టి చూశాను. 22,000 మైక్రోఫారడ్లకు 100 హెర్ట్జ్ దగ్గర అడ్డు 0.07 ఓమ్ మాత్రమే, కాబట్టి రిపుల్ మూడో వంతుకు పడిపోయింది. రెసిస్టర్‌లో పోయేది ఒకటిన్నర వాటు. ఇంత చవకైన ఉపాయం సప్లై పనిలో మరొకటి లేదని నా అభిప్రాయం. అయినా ఈ సర్క్యూట్ సప్లైలోని మలినాన్ని బాగానే లోపలికి రానిస్తుంది. నాకు ఇంకా నిశ్శబ్దం కావాలి. అందుకే చివరకు రెసిస్టర్ స్థానంలో కెపాసిటెన్స్ మల్టిప్లయర్ పెట్టాను. అందులో ఒక డార్లింగ్టన్ (రెండు ట్రాన్సిస్టర్లు ఒకటిగా జోడించిన) పవర్ ట్రాన్సిస్టర్ ఉంటుంది. కరెంటు దాని కలెక్టర్ కాలులోంచి వచ్చి ఎమిటర్ కాలులోంచి బయటికి పోతుంది, ఎంత పోవాలో బేస్ కాలు నిర్ణయిస్తుంది. దాని బేస్ దగ్గర ఒక చిన్న రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి వోల్టేజీని వడపోస్తాయి. ఎమిటర్ ఆ వడపోసిన వోల్టేజీనే అనుసరిస్తుంది.

పెట్టిన రోజు నిరాశే మిగిలింది. ఆసిలోస్కోప్ మీద గీత చదునుగా ఉంది, కానీ ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక చిన్న గుంట. చాలాసేపు కెపాసిటర్‌నే అనుమానించాను. అసలు సంగతి వేరు. రిపుల్ అల అడుగుకు దిగినప్పుడు ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్, ఎమిటర్ల మధ్య చాలినంత వోల్టేజీ మిగలడం లేదు. ఆ క్షణంలో అది తలుపు పూర్తిగా తెరిచేసినట్టే, అల నేరుగా దూరిపోతోంది. బేస్ నుంచి గ్రౌండ్‌కు మరో రెసిస్టర్ కలిపి వోల్టేజీని ఇంకో రెండు వోల్టులు కిందికి దించాను. గుంటలు పోయాయి. రిపుల్ కొన్ని మిల్లీవోల్టులకు వచ్చింది. దీనికి నేను చెల్లించే మూల్యం నాలుగు వోల్టుల నష్టం, అంటే పది వాట్ల అదనపు వేడి. 24 వోల్టుల సెకండరీ ఎంచుకున్నది దీన్ని లెక్కలో పెట్టుకునే: సరిచేశాక సగటున 31 వోల్టులు పైచిలుకు, అందులో నాలుగు పోతే 27. మరో మేలు కూడా జరిగింది. బేస్ కెపాసిటర్ నెమ్మదిగా నిండుతుంది కాబట్టి వోల్టేజీ మెల్లగా లేస్తుంది. స్విచ్ వేయగానే స్పీకర్‌లో వినిపించే ఢబ్బుమనే చప్పుడు సగానికి సగం తగ్గింది.

అయినా ఏదో మిగిలింది. ఇప్పుడు గుయ్‌మని కాదు, సన్నగా, గీరుతున్నట్టు, తుమ్మెద సీసాలో చిక్కుకున్నట్టు. అది మెత్తని రిపుల్ మోత కాదని చెవికే తెలిసింది, పదునైన గుక్కల మోత అది. గ్రౌండ్ తీగల్ని వెతుక్కుంటూ వెళ్లాను. బ్రిడ్జి నుంచి మొదటి కెపాసిటర్‌కు వెళ్లే నెగెటివ్ తీగ మధ్యలోనే ఇన్‌పుట్ గ్రౌండ్‌ను కలిపి ఉన్నాను. పది సెంటీమీటర్ల తీగే కదా అనుకున్నాను. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు ఆ పొడవులో అడ్డు 1.7 మిల్లీఓమ్. దాని గుండా 12 యాంపియర్ల గుక్క పోతే 20 మిల్లీవోల్టులు పుడతాయి. ఆ 20 మిల్లీవోల్టులూ పాటతో కలిసి యాంప్లిఫైయర్ లోపలికి వెళ్లి, పదింతలకు పైగా పెరిగి బయటికి వస్తున్నాయి. బ్రిడ్జికీ మొదటి కెపాసిటర్‌కూ మధ్య తీగలను వాటి మానాన వాటిని వదిలేసి, ఇన్‌పుట్ గ్రౌండ్‌నూ స్పీకర్ గ్రౌండ్‌నూ బోర్డుల గ్రౌండ్‌నూ చివరి కెపాసిటర్ తర్వాత ఒకే బోల్టు దగ్గరికి తెచ్చి బిగించాను. ఒక్క భాగం కూడా మార్చలేదు, తీగల చోటు మార్చానంతే. స్విచ్ వేశాక స్పీకర్‌కు తీగ ఊడిపోయిందేమో అనుకుని వెళ్లి చూశాను, అంత నిశ్శబ్దం. మెయిన్స్ ఎర్త్ తీగ మాత్రం పెట్టె లోహానికి నేరుగా, విడిగా, గట్టి బోల్టుతో ఉండాలి. మోత తగ్గుతుందని దాన్ని తీసేసేవాళ్లను చూశాను. అది ప్రాణాలతో చెలగాటం, ఎంత నిశ్శబ్దం వచ్చినా ఆ పని చేయకూడదు.

ఇక వేడి. ట్రాన్సిస్టర్ల వేడిని గాలిలోకి పంపే రెక్కల అల్యూమినియం దిమ్మే హీట్ సింక్. నా మొదటిది ఒక్కో చానెల్‌కు 1.2 డిగ్రీలు ప్రతి వాటుకు. 34 వాట్లకు 41 డిగ్రీల పెరుగుదల. గది 30 డిగ్రీలుంటే సింక్ 71. ట్రాన్సిస్టర్ లోపలి లెక్క వేస్తే భయపడాల్సింది లేదు: నా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ 2ఎన్3055కి లోపలి నుంచి కేసు వరకు వాటుకు 1.5 డిగ్రీలు, దానికీ సింక్‌కూ మధ్య ఉండే మైకా రేకుకు మరో అర డిగ్రీ, ఒక్కో ట్రాన్సిస్టర్‌లో 17 వాట్లు, అంటే సింక్ కన్నా 34 డిగ్రీలు ఎక్కువ. మొత్తం 105. దాని హద్దు 200. ట్రాన్సిస్టర్ బతుకుతుంది. కానీ పక్కనే ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మాటేమిటి? పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగమవుతుంది. పైగా వేసవిలో గది 40కి చేరుతుంది. ఇంట్లో పిల్లలు తిరుగుతారు. సింక్‌ను చేత్తో ఐదు సెకన్లు పట్టుకోగలగాలి అన్నదే నేను పెట్టుకున్న కొలత, అది 55 డిగ్రీల దగ్గర ఉంటుంది.

25 డిగ్రీల పెరుగుదలకు వాటుకు 0.7 సరిపోవాలి. కానీ తయారీదారులు ఇచ్చే అంకె సాధారణంగా 70, 80 డిగ్రీల పెరుగుదల దగ్గర కొలిచినది. సింక్ తక్కువ వేడిగా ఉంటే గాలి కూడా నెమ్మదిగా పైకి లేస్తుంది, అందువల్ల అదే సింక్ మనకు అంత బాగా పనిచేయదు. అందుకే 0.5 అని రాసి ఉన్నది తీసుకున్నాను. గంట తర్వాత కొలిస్తే పెరుగుదల 24 డిగ్రీలు, అంటే నిజానికి 0.7 వచ్చింది. రెక్కలు నిలువుగా ఉండాలి, పెట్టె కింద కాళ్లు ఎత్తుగా ఉండాలి. ఒకసారి మెత్తటి గుడ్డ పరిచిన అలమారలో పెడితే కింది నుంచి గాలి అందక ఎనిమిది డిగ్రీలు పెరిగింది. ఫ్యాను నాకు ఇష్టం లేదు. ఇంత కష్టపడి తెచ్చుకున్న నిశ్శబ్దంలోకి మళ్లీ ఒక మోటారును పిలవడం దేనికి?

మైకా గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. ఈ ట్రాన్సిస్టర్ల లోహపు కేసే కలెక్టర్. సింక్‌కు తగలకుండా మధ్యలో పల్చటి మైకా రేకు, రెండు వైపులా థర్మల్ పేస్టు. ఒకదాన్ని బిగించి మల్టీమీటర్‌తో చూస్తే కుయ్‌మంది, కేసూ సింకూ కలిసిపోయాయి. విప్పి, పేస్టు తుడిచి, మైకాను దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. స్క్రూ బెజ్జం అంచున సూదితో పొడిచినంత రంధ్రం. సింక్ మీద వేలు నెమ్మదిగా జరిపితే అక్కడే గరుకుగా తగిలింది, డ్రిల్ లేపిన అల్యూమినియం ముక్క, ఉప్పు గల్లులో సగం కూడా లేదు. పెద్ద డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి ప్రతి బెజ్జం అంచునూ నున్నగా చేశాను. కరెంటు ఇచ్చే ముందు ప్రతి ట్రాన్సిస్టర్‌నూ మీటర్‌తో చూసుకోవడం అప్పటి నుంచి మానలేదు. పేస్టు కూడా కింద లోహం మసకగా కనిపించేంత పల్చగా చాలు.

బయాస్ కరెంటును, అంటే పాట లేకపోయినా పారే ఆ కరెంటును, యాంప్లిఫైయర్ చల్లగా ఉన్నప్పుడు సరిచేస్తే నిలవదు. నేను 1.1 యాంపియర్ల దగ్గర పెడితే 40 నిమిషాల్లో 1.25కు చేరి అక్కడ ఆగింది. ఆగిందా, ఇంకా ఎక్కుతోందా అన్నదే చూడాల్సింది. మొదటి చిన్న సింక్ మీద అది ఆగకుండా పాకుతూ పోయింది. వేడి కరెంటును పెంచుతుంది, కరెంటు మళ్లీ వేడిని పెంచుతుంది. ఇప్పుడు ప్రతి సింక్ మీదా 70 డిగ్రీలకు తెరుచుకునే థర్మల్ స్విచ్ ఉంది, రెండూ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీతో (మెయిన్స్ కలిపే చుట్టతో) సిరీస్‌లో, ఏది తెరుచుకున్నా కరెంటు ఆగిపోతుంది.

టొరాయిడల్ స్విచ్ వేసిన క్షణంలో ఒక్కోసారి ఫ్యూజు ఎగిరిపోయేది. 10 ఓమ్ ఎన్‌టీసీ థర్మిస్టర్ (వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గే రెసిస్టర్) కలిపాక ఆ సమస్య తీరింది. నిరంతరం కరెంటు లాగే క్లాస్ ఎకు అది బాగా నప్పుతుంది. కానీ అది చేయి కాలేంత వేడెక్కుతుంది, తీగల ప్లాస్టిక్ తొడుగుకు దూరంగా ఉంచండి. కెపాసిటర్లకు అడ్డంగా 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ మరిచిపోవద్దు. బోర్డు ఫ్యూజు తీసి ఉంచిన రోజు 22,000 మైక్రోఫారడ్లు తనంతట తాను ఖాళీ కావు.

ఇప్పుడు అది ముందు గదిలో రోజూ సాయంత్రం నాలుగు గంటలు నడుస్తోంది. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక స్పీకర్ గుడ్డకు చెవి ఆనించి విన్నాను, ఏమీ లేదు. సింక్ మీద చేయి పెట్టాను, 52 డిగ్రీలు. తర్వాతి పెట్టెలో ఒక్కో చానెల్‌కు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, మల్టిప్లయర్ స్థానంలో 2.2 మిల్లీహెన్రీ చోక్ (రిపుల్‌ను అడ్డుకునే తీగ చుట్ట) వాడి చూడాలనుకుంటున్నాను. ఆ పది వాట్ల వేడి పెద్ద వంతు తగ్గుతుంది. చోక్ చుట్టడానికి రాగి తీగ తెచ్చి పెట్టాను.