కాక్‌ను విడదీశాకే ఎరువు: నా అనుభవం

హనుమకొండలో షటిల్ ఆడే ఇండోర్ కోర్టుల నుంచి పాడైన కాక్‌లు తెచ్చి ఎరువు చేస్తున్నాను. ఈక కాక్ ఒక్కోటి 4.74 నుంచి 5.50 గ్రాములు, రెండు వందలు కలిస్తే దాదాపు కిలో. ఈక, బెండు, దారం, జిగురు కలిసే ఉంటాయి కాబట్టి తడి చెత్తలో వేసినా, పొడి చెత్తలో వేసినా ఇబ్బందే.

కోర్టు దగ్గరే రెండు బస్తాలు పెట్టించాలి, ఈకవి ఒకదాంట్లో, నైలాన్‌వి ఇంకోదాంట్లో. పైకి ఈకలే కనిపించినా ప్లాస్టిక్ కాడలున్న రకాలూ వస్తున్నాయి. అనుమానమొస్తే కాడ ముక్కను ఆరుబయట అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, చల్లారాక నలిపితే పొడి అయ్యేది ఈక. కరిగి పూసలా గట్టిపడేది ప్లాస్టిక్.

కోతలోనే పనంతా ఉంది. ఈకల చుట్టూ రెండు వరసల దారం ఉంటుంది. పై దారానికి పైన కోస్తే 16 ఈకలూ విడివిడిగా రాలతాయి. తర్వాత కింది దారానికీ బెండుకూ మధ్య కోయాలి. అక్కడ కాడ గట్టిది, మామూలు కత్తెర జారుతుంది. కొమ్మలు కోసే కత్తెర వాడండి. మధ్యలో మిగిలిన జిగురు దారపు చుట్టకు నాకింకా దారి దొరకలేదు, చెత్తబండికే ఇస్తున్నాను.

ఈకకు నీళ్లు త్వరగా అంటవు. రాత్రంతా పెండ నీళ్లలో, పైన బరువు పెట్టి నానబెడతాను. పొద్దున ఒక గంప ఈకలకు ఏడెనిమిది గంపల ఎండుటాకులు కలుపుతాను. ఈకలో నత్రజని ఎక్కువ, ఆకు తగ్గితే ముక్కు పగిలే అమోనియా వాసన. ఒకేచోట మందంగా పోస్తే చాపలా అట్టకట్టి లోపలికి గాలి ఆడదు, నెలలైనా అలాగే ఉంటుంది. మన మే ఎండలకు కుప్ప రెండు రోజుల్లో ఎండుతుంది. తడి గోనెపట్టా కప్పాలి. నాలుగైదు నెలలకు ఈక కరిగినా కాడలు మిగులుతాయి, జల్లెడ పట్టి వాటిని తర్వాతి కుప్పలో వేస్తాను.

బెండు మీది పల్చటి తొడుగు ఒలిచి, నడుమ దబ్బనంతో పొడిచి దారం దూరిస్తే చేపలు పట్టేవాళ్లు గాలానికి తేలే బెండుగా కట్టుకోవచ్చు. తొడుగు ఒలవకుండా వాళ్లకు ఇవ్వకండి, అది చెరువులో ఊడి నీళ్లలోనే మిగిలిపోతుంది. కొన్నిటికి బెండు బదులు ఫోమ్ ఉంటుంది, గోరుతో నొక్కితే మెత్తగా దిగుతుంది. వాటిని పక్కన పెట్టండి.