జాము దాటక ముందే

మా పెద్దనాయన నారాయణపేట దగ్గరి ఊళ్లో గొర్రెల మందను కాస్తూనే ముసలివాడయ్యాడు. దొడ్లో గొర్రె ఈనిందంటే ఆయన మమ్మల్ని దూరంగా నిలబెట్టేవాడు. "తల్లిని నాకనియ్యుండ్రి, పిల్లను ముట్టకుండ్రి. జాము దాటినంక వేరే పిల్లను తెచ్చిపెడితే పొడిచి ఎల్లగొడ్తది" అనేవాడు. తల్లిలేని పిల్ల ఏదైనా ఉంటే, అప్పుడే ఈనిన మరో గొర్రె ఉమ్మనీటిని దాని ఒంటికి పూసి, ఆ జాములోపలే పొదుగు పట్టించేవాడు. ఆ కొద్ది గంటల్లో గొర్రె మెదడులో జరిగేది ఏమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత, నాడీశాస్త్రం చదువుకుంటున్నప్పుడు తెలిసింది.

మామూలు రోజుల్లో ఉమ్మనీటి వాసన గొర్రెకు గిట్టదు, దానికి దూరంగా జరుగుతుంది. ఈనే వేళకు అదే వాసన కోసం నేలను కూడా నాకుతుంది. ముక్కు మారలేదు, వాసన మారలేదు. మారింది ఆ వాసనను అందుకునే నాడీవలయం. ముక్కులోని నాడీకణాలు పంపే సంకేతాలు మొదట చేరేది మెదడు ముందుభాగంలో వాసనలను అందుకునే ఘ్రాణ లంబికకు. అక్కడి మైట్రల్ కణాలు వాటిని లోపలికి పంపుతాయి, పక్కనే ఉండే గ్రాన్యూల్ కణాలు ఈ మైట్రల్ కణాలను అదుపులో ఉంచుతాయి. శాస్త్రవేత్తలు కీత్ కెండ్రిక్, ఫ్రెడరిక్ లెవీ, బ్యారీ కెవర్న్ 1992లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈనకముందు ఈ మైట్రల్ కణాలలో ఎక్కువ భాగం మేత వాసనలకే స్పందిస్తుండగా, ఈనిన తర్వాత గొర్రెపిల్ల వాసనకు స్పందించే కణాల సంఖ్య బాగా పెరిగింది.

ఈ మార్పుకు దారి తీసే పదార్థాలలో ముఖ్యమైనది ఆక్సిటోసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసు ఒక న్యూరోపెప్టైడ్, అంటే నాడీకణాలు విడుదల చేసే చిన్న ప్రోటీన్ ముక్క. పిల్ల బయటికి వచ్చేటప్పుడు జననమార్గం సాగడం వల్ల పుట్టిన సంకేతం వెన్నుపాము గుండా మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ ఘ్రాణ లంబికలో నారడ్రినలిన్ అనే మరో నాడీ రసాయనం విడుదలను పెంచుతుంది. దానితో గ్రాన్యూల్ కణాల అదుపు కొంతసేపు సడలి, ఆ సమయంలో ముక్కుకు తగిలిన పిల్ల వాసన మనసులో నాటుకుపోతుంది. ఆ తర్వాత సొంత పిల్లను వాసన చూసినప్పుడు ఘ్రాణ లంబికలో కణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్, అణచే గాబా అనే రసాయనాలు రెండూ పెరుగుతాయి కానీ పరాయి పిల్లను వాసన చూసినప్పుడు అలా జరగదు. పెద్దనాయన చెప్పిన జాము లెక్క ఇదే.

న్యూరోపెప్టైడ్ల పని తీరు తలచుకున్నప్పుడల్లా నాకు మా చెరువు నీరటికాడు గుర్తుకొస్తాడు. గ్లూటమేట్ వంటివి చెరువు నీళ్లలాంటివి. రెండు నాడీకణాలు కలిసే నాడీసంధి దగ్గర మిల్లీసెకన్లలో వార్తను దాటిస్తాయి. నీరటికాడు నీళ్లు పుట్టించడు, ఈ పూట ఏ మడికి ఎంత పారాలో చూస్తాడు. పెప్టైడ్లు కూడా వాసన వార్తను మోయవు. కణం వేగంగా, ఎడతెగక స్పందించినప్పుడే ఎక్కువగా విడుదలై, చుట్టుపక్కలకు పాకి, సెకన్ల నుండి నిమిషాల పాటు నిలిచి, ఏ వాసనకు ఎంత దారి ఇవ్వాలో సవరిస్తాయి.

ఇది గొర్రెలకే పరిమితం కాదు. నకిరేకల్ వైపు తాటివనాల్లో కల్లు లొట్టి దగ్గర ముసిరే చిన్న ఈగల బంధువే ప్రయోగశాలల్లో పెంచే డ్రోసోఫిలా. దాని కడుపు ఖాళీ అయితే ఇన్సులిన్ సంకేతం తగ్గుతుంది. అందువల్ల పులిసిన పండ్ల వాసనను పట్టే నాడీకణాలపై షార్ట్ న్యూరోపెప్టైడ్ ఎఫ్ అనే పెప్టైడ్‌ను అందుకునే గ్రాహకాలు పెరిగి, ఆ కణాలు పంపే సంకేతం బలపడుతుంది. జింగ్ వాంగ్ అనే శాస్త్రవేత్త బృందం 2011లో ఈ సంగతి వెల్లడించింది. నాలుగేళ్ల తర్వాత అదే బృందం, ఆకలి వేళ టాకికైనిన్ అనే మరో పెప్టైడ్ వికర్షించే వాసన దారిని అణచివేస్తుందని కూడా చూపింది. ఒక దారి తెరుచుకోవడం, ఇంకొకటి మూసుకోవడం రెండూ ఆకలి చేసిన పనులే.

మా ప్రాంతంలో ఆక్సిటోసిన్ అంటే బర్రె చేపడానికి వేసే సూది అనే అందరికీ తెలుసు. ఆ సూది వేస్తే బర్రె దూడను మరింత ప్రేమగా చూస్తుందా అని ఒకసారి మా తమ్ముడు అడిగాడు. రక్తంలోకి ఎక్కించిన ఆక్సిటోసిన్ మెదడులోకి చాలా కొద్దిగా మాత్రమే చేరుతుంది. గొర్రె విషయంలో పనిచేసేది మెదడు తనలోపల తాను విడుదల చేసుకున్నది.

తొలిచూలు గొర్రెలను పెద్దనాయన విడిగా, చిన్న దొడ్లో కట్టేవాడు, అవి పిల్లను వదిలేసి పోతాయని. వెన్నులో మత్తుమందు ఇచ్చి జననమార్గపు సంకేతాన్ని ఆపినప్పుడు తల్లితనం ఎక్కువగా దెబ్బతిన్నది తొలిసారి ఈనిన గొర్రెలలోనే అని, అలాంటి వాటి మెదడులోకి నేరుగా ఆక్సిటోసిన్ ఇస్తే చాలావరకు తిరిగి వచ్చిందని ప్రయోగాలు చూపాయి. రెండో ఈతకు అదే గొర్రెను ఆయన మందలోనే ఈననిచ్చేవాడు.